మూలమడగని సుంకం

నిప్పులోనో ఆమ్లంలోనో ఉడికి రూపం మారిన వస్తువు మునుపటి వస్తువేనా, లేక అప్పుడే పుట్టిన మరొకటా అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు కుండనూ పాలనూ పెరుగునూ ఎదుట పెట్టుకుని శతాబ్దాల తరబడి చర్చించాయి. ఆ చర్చ పండితసభల్లో సద్దుమణిగినా, ప్రశ్న మాత్రం నేటికీ ఓడరేవుల్లో బస్తాల మీద కూర్చునే ఉంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు తెల్లని పొడిని మనిషి వెంట్రుకల నుంచి తీయవచ్చు, బాతు ఈకల నుంచి తీయవచ్చు, చక్కెరను మేసే సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి కూడా రాబట్టవచ్చు; మూడింటి అణువూ ఒక్కటే కాబట్టి సుంకపు చట్టానికి అవి ఒకే సరుకు, తినేవాడి ఆచారానికి మాత్రం మూడు వేర్వేరు వస్తువులు. ఒకే రాజ్యం ఒకే బస్తా విషయంలో ఒక కాగితం మీద పుట్టుకతో పనిలేదని, మరొక కాగితం మీద పుట్టుకే ప్రధానమని చెప్పవలసి రావడం కేవలం పరిపాలనలోని చిక్కు కాదు. అది వస్తుతత్త్వానికి సంబంధించిన పాత వివాదం కొత్త దుస్తుల్లో రావడమే.

మాంసకృత్తులు గొలుసులైతే అమైనో ఆమ్లాలు వాటిలోని పూసల వంటివి. గొలుసు తెగినప్పుడు విడివడిన పూసలలో కొన్నింటిని ఆహార పరిశ్రమ రుచికీ, పిండి మెత్తదనానికీ, పోషణకూ వాడుకుంటుంది. వీటిలో తెలుగువారికి బాగా పరిచయమైనది గ్లుటామిక్ ఆమ్లపు సోడియం లవణం. బండి మీద నూడుల్స్ వేయించే ప్రతివాడూ దాన్ని టేస్టింగ్ సాల్ట్ అంటాడు. టోక్యోలో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి ఈ రుచిని వేరుచేయగా, మరుసటి ఏటి నుంచి అది అజినొమోటో పేరుతో అంగడికెక్కింది. మొదట్లో గోధుమ జిగురును ఆమ్లంలో ఉడికించి దాన్ని తీసేవారు. 1950ల చివరి నుంచి కొరినీబాక్టీరియం గ్లుటామికం అనే సూక్ష్మజీవి ఆ పనికి కుదిరింది. సిస్టీన్ కథ ఇంతకంటె సున్నితమైనది. రొట్టె పిండిలోని జిగురు బిగువును సడలించి పిండిని సాగేటట్టు చేసే ఈ పదార్థం కెరటిన్ అనే మాంసకృత్తులో పుష్కలంగా ఉంటుంది, కెరటిన్ వెంట్రుకలో, ఈకలో, గిట్టలో ఉంటుంది. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెంట్రుకలను గంటల తరబడి ఉడికించి, ఆ ద్రావణాన్ని తటస్థపరిచి, అడుగున పేరుకున్న సిస్టైన్‌ను విద్యుత్తుతో విడగొడితే సిస్టీన్ వస్తుంది.

ఈ పొడి సముద్రం దాటి వచ్చినప్పుడు సుంకాధికారి చేతిలో ఉండేది 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టపు మొదటి షెడ్యూలు. 1988లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ సమన్వయ పద్ధతి ప్రకారం ఆ షెడ్యూలు ప్రపంచంలోని సరుకులన్నిటినీ అధ్యాయాలుగా, శీర్షికలుగా విభజిస్తుంది. శీర్షికల మాటలనూ అధ్యాయాల ముందున్న వివరణలనూ బట్టే వర్గీకరణ జరగాలన్నది వ్యాఖ్యాన నియమాలలో మొదటిది. 29వ అధ్యాయం కర్బన రసాయనాలది. విడిగా, నిర్దిష్టమైన రసాయన నిర్మాణంతో ఉన్న సమ్మేళనమైతే అందులోకి వస్తుంది. అది ప్రకృతి నుంచి వచ్చిందా, కర్మాగారంలో కూర్చబడిందా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అందువల్ల లైసీన్, గ్లుటామిక్ ఆమ్లమూ దాని లవణాలూ 2922 శీర్షిక కింద, గంధకం ఉన్న మెథియొనీన్, సిస్టీన్ 2930 శీర్షిక కింద చేరతాయి. వీటినే ఉప్పుతోనో పిండితోనో ఇతర ఆహారద్రవ్యాలతోనో కలిపి తెస్తే అవి రసాయనాల వరుస నుంచి తొలగి 2106 శీర్షికలోని ఆహార మిశ్రమాలుగా మారతాయి, సుంకం రేటు కూడా మారుతుంది. వర్తకుడూ అధికారీ తగవుపడేది సాధారణంగా ఈ సరిహద్దు దగ్గరే. ఇక్కడ ఏ కలయిక వస్తువు స్వరూపాన్ని మార్చిందన్నదే విచారణ. మూలం ఊసే రాదు. నదీమూలం, ఋషిమూలం విచారించరాదన్న పెద్దల మాటను ఇంత నిష్ఠగా పాటించిన గ్రంథం మరొకటి దొరకదేమో.

వెంట్రుకనే తీసుకుంటే ఈ నిష్ఠ ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. కత్తిరించి శుభ్రపరచిన ముడి వెంట్రుక 0501 శీర్షికలో జంతుసంబంధ వస్తువు. దువ్వి, పాయలు తీసి, రంగు విరిచి సవరించినది 6703. సవరంగానో విగ్గుగానో అల్లినది 6704. ఆమ్లంలో కరిగి పొడిగా తేలినది 2930. ఒకే తల మీది కేశానికి షెడ్యూలు నాలుగు జన్మలిచ్చింది, ఒక జన్మ సంగతి మరో జన్మకు గుర్తుండదు. 2022లో భారత ప్రభుత్వం ఎగుమతిపై ఆంక్ష పెట్టినది ముడి వెంట్రుకకే తప్ప దాని తరువాతి అవతారాలకు కాదు.

ఈ దృష్టికి దర్శనశాస్త్రంలో పేరుంది. కార్యం తన కారణంలో ముందే ఉన్నదని, పెరుగు పాలలో దాగి ఉండి బయటపడుతుందని సాంఖ్యులు చెబుతారు. దీన్ని సత్కార్యవాదం అంటారు. కార్యం కొత్తగా పుడుతుందని, పుట్టకముందు అది లేదని న్యాయవైశేషికులు చెబుతారు, అది అసత్కార్యవాదం. టారిఫ్ షెడ్యూలు పచ్చి అసత్కార్యవాది. వెంట్రుకలో సిస్టీన్ ఉంది కనుక సిస్టీన్‌లో వెంట్రుక ఉందనే సామాన్యభక్తుడు, తనకు తెలియకుండానే, సాంఖ్యుల పక్షాన నిలుస్తాడు.

న్యాయవైశేషికులు తమలో తాము కూడా ఒక విషయంలో విడిపోయారు, ప్రస్తుత ప్రశ్నకు అసలు వెలుగు అక్కడ ఉంది. పచ్చికుండ ఆవంలో కాలినప్పుడు నిప్పు సోకి అది పరమాణువుల దాకా విడిపోతుందని, పరమాణువుల రంగు మారి అవి తిరిగి కూడి కొత్త కుండ పుడుతుందని వైశేషికుల మతం. పీలువు అంటే పరమాణువు కాబట్టి దీనికి పీలుపాకవాదమని పేరు. కుండ కుండగానే ఉంటుందని, నిప్పు దాని సందుల్లోకి చొరబడి మొత్తం రంగును మారుస్తుందని, లేకుంటే ఆవంలో దాని మీద పేర్చిన కుండలు కూలిపోవా అని, కాలిన తరువాత ఇది ఆ కుండే అని గుర్తుపట్టడం ఎలా సాధ్యమని నైయాయికులు అడుగుతారు, ఇది పిఠరపాకవాదం. ఈ రెండు వాదాలనూ తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తన దీపికా వ్యాఖ్యలో బాలురకు కూడా అర్థమయ్యేటంత క్లుప్తంగా చెప్పాడు. తెలుగువాడైన ఆ పండితుని చిన్న పుస్తకమే దేశమంతటా తర్కశాస్త్రానికి తొలి పాఠంగా నిలిచింది. ఆమ్లపు బానలో వెంట్రుకకు జరిగేది, ఏ విధంగా చూసినా, పీలుపాకమే. గొలుసు పూసలుగా తెగిపోయింది, పూస పూసగా వేరుపడింది, ఇది ఆ వెంట్రుకే అని గుర్తుపట్టగల చిహ్నం ఒక్కటీ మిగలలేదు. అయినా భక్తుని జంకు తీరదు. అతనిది మూర్ఖత్వమని కొట్టిపారేయడం సులభమే గాని సరికాదు.

ఎందుకంటే పాకం వల్ల మారేవి రూపం, రసం, గంధం, స్పర్శ అనే గుణాలు. మూలం గుణం కాదు. అది వస్తువుకు గతంతో ఉన్న సంబంధం. బంగారు కడియం దొంగసొత్తు అయితే దాన్ని కరిగించి గొలుసు చేయించినా దొంగతనం కరగదు, మూసలో ఏ పరీక్ష చేసినా అది కనపడదు కూడా. ఆచారం అడిగే శుచిత్వం కూడా ఈ కోవలోదే. కేశకీటాలు పడిన అన్నం తినరాదని మనుస్మృతి ఒక చోట నిషేధించి, అటువంటి అన్నం మీద మట్టి చల్లితే శుద్ధి అవుతుందని మరొక చోట దారి చూపింది. చిటికెడు మట్టి వెంట్రుకలోని ఏ గుణాన్నీ మార్చదని ఆ శాస్త్రకారుడికి తెలియకపోదు, అతను శుద్ధి చేసింది పదార్థాన్ని కాదు, పదార్థంతో తినేవాడికున్న సంబంధాన్ని. కనుక అణువు ఒక్కటే అన్న రసాయన శాస్త్రపు మాట నిజమే అయినా, అది వేసిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఇదే సమస్యకు ఇస్తిహాలా అని పేరు: అపవిత్రమైన వస్తువు సంపూర్ణంగా మరొకటిగా మారిపోతే దాని విధి కూడా మారుతుందా అన్నది. ద్రాక్షసారా దానంతటదే పులిసి సిరికా, అంటే వెనిగర్, అయితే తినవచ్చునని అందరూ ఒప్పుకుంటారు. హనఫీలు ఈ సూత్రాన్ని ఇతర వస్తువులకూ విస్తరిస్తారు, షాఫయీలు అంత దూరం పోరు. షాఫయీ సంప్రదాయం బలంగా ఉన్న ఇండొనేషియాలో 2000 డిసెంబరులో ఉలేమాల మండలి అక్కడి అజినొమోటో పొడిని హరామ్‌గా ప్రకటించినప్పుడు వివాదం అసాధారణమైన సూక్ష్మతకు చేరింది. ఆ పొడిలో పంది కొవ్వు లేదు, దాన్ని చేసిన సూక్ష్మజీవికి మేతగా పంది మాంసమూ వేయలేదు. సూక్ష్మజీవుల మూలవిత్తనాన్ని కాపాడే పోషకద్రవ్యంలోని సోయాను విడగొట్టడానికి పంది నుంచి తీసిన ఎంజైము వాడారన్నదే అభ్యంతరం. సరుకును అంగళ్ల నుంచి వెనక్కి తీశారు. స్వయంగా మతపండితుడైన ఆనాటి అధ్యక్షుడు అబ్దుర్రహమాన్ వాహిద్, 2001 జనవరిలో, తుది పదార్థంలో పంది అంశం లేదు కనుక అది హలాలే అన్నాడు. ఇద్దరూ ఒకే వాస్తవాలను ఒప్పుకున్నారు. మండలి కారణపరంపరను చూసింది, అధ్యక్షుడు కార్యాన్ని చూశాడు.

తెలుగునేలకు మరింత దగ్గరి ఉదాహరణ తిరుమల తలనీలాలు. 2004 మే నెలలో జెరూసలేము ధర్మవేత్త రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, ఆ కొండ మీద తీసిన జుట్టుతో చేసిన విగ్గులను నిష్ఠాపరులైన యూదు గృహిణులు ధరించరాదని తీర్పు ఇచ్చాడు. అన్యదేవతకు అర్పించిన వస్తువు నుంచి ఏ ప్రయోజనమూ పొందరాదన్నది ఆ ధర్మంలోని నియమం. బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులను మంటల్లో వేశారు. వెంట్రుక దేవునికి నైవేద్యమా, లేక క్షౌరమే మొక్కు, జుట్టు కేవలం వదిలివేసిన మలినమా అన్నది అక్కడ తేలవలసిన అంశం. నీలాదేవి తన కురులను స్వామి శిరస్సు మీద అతికించిందని స్థలకథ చెబుతుంది. ఆ కథను బట్టి చూస్తే అది అర్పణే. జుట్టును గర్భగుడిలోకి తీసుకుపోరు, కల్యాణకట్ట దగ్గరే వదిలేస్తారు, పొడవును బట్టి తరగతులు చేసి దేవస్థానం వేలం వేస్తుంది. ఆ ఆచరణను బట్టి చూస్తే అర్పించినది అహంకారం, మిగిలినది సరుకు. విగ్గుకు పనికిరాని పొట్టి జుట్టు ఎక్కడి నుంచి వచ్చినదైనా అమైనో ఆమ్లపు కర్మాగారాలకు ముడిసరుకు కాగలదు గనుక, జెరూసలేములో విగ్గు మీద వేసిన ప్రశ్ననే రొట్టె మీద కూడా వేయవచ్చు. 6704 శీర్షికను దాటి వచ్చిన ఆ విగ్గుల కాగితాలలో తిరుమల పేరు ఉండవలసిన అవసరం ఏ దేశపు సుంకపు నియమంలోనూ లేదు. రబ్బీకి విషయం తెలిసింది కాగితాల వల్ల కాదు, మనిషిని పంపి విచారించడం వల్ల.

అయితే మూలమడగకపోవడంలో ఒక ధర్మం కూడా ఉన్నదని సూరత్ రేవు చరిత్ర సాక్ష్యం చెబుతుంది. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడలెక్కే రేవు కావడం వల్ల మక్కా ద్వారమని పేరుపొందిన ఆ పట్టణంలో సుంకశాలను ఫుర్జా అనేవారు. 1665లో ఔరంగజేబు సుంకాన్ని ముస్లిం వర్తకులకు నూటికి రెండున్నర, హిందూ వర్తకులకు ఐదుగా నిర్ణయించి, 1667లో ముస్లింలకు పూర్తిగా ఎత్తివేశాడు. ఫలితం ఊహించగలిగినదే: ఒకరి సరుకు మరొకరి పేరుతో దాటింది, ఖజానాకు గండిపడింది, కొంతకాలానికి ముస్లింల మీద రెండున్నర శాతం తిరిగి వచ్చింది. వస్తువును వదిలి వర్తకుని మతాన్ని వర్గీకరిస్తే సుంకం ఏమవుతుందో ఆ రేవు అనుభవించి తెలుసుకుంది. దానికి నాలుగు శతాబ్దాల ముందు, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం భిన్నమైన మార్గం తొక్కింది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మాని, ప్రాణం కంటె ధనం మిన్న అని తలచి సముద్రం దాటే వర్తకుల మీద దయతో, ముప్పయ్యోవంతు సుంకం మాత్రమే తీసుకుంటామని ప్రకటించి, గంధం, ముత్యాలు, దంతం, మిరియాలు అంటూ సరుకులవారీగా రేట్లు చెక్కించింది. దేశీ కర్పూరాన్నీ చీనీ కర్పూరాన్నీ ఆ శాసనం వేర్వేరుగా పేర్కొంది. సరుకులో ఇంత తేడా చూసినా, వర్తకుడు ఏ దేశస్థుడో, ఏ మతస్థుడో అడగలేదు. నేటి షెడ్యూలు ఔరంగజేబు ఫర్మానాకు కాదు, మోటుపల్లి స్తంభానికి వారసురాలు. కాబట్టి సుంకశాల మూలమడగకపోవడాన్ని లోపమనడం తొందరపాటు. అడగవలసిన చోటు వేరే ఉంది.

ఆ చోటు ఆహారచట్టం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 25వ సెక్షను దిగుమతి ఆహారమంతటినీ ఆ చట్టం కిందికి తెచ్చింది. 2017 దిగుమతి నిబంధనల ప్రకారం కాగితాల పరిశీలన, బస్తా పరిశీలన, నమూనా పరీక్ష జరిగి అభ్యంతరం లేదన్న పత్రం వస్తే తప్ప సరుకు రేవు దాటదు. పొట్లం మీద శాకాహారానికి ఆకుపచ్చ వృత్తం, మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం ఉండాలి. మాంసాహారమంటే జంతుసంబంధమైన ఏ పదార్థమైనా ఉన్న ఆహారమని, పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, కార్నౌబా మైనం, లక్క మాత్రం మినహాయింపులని నిర్వచనం. కార్నౌబా మైనం బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చేది. జంతువు కాని దాన్ని జంతువుల జాబితాలో నుంచి మినహాయించిన ఈ శ్రద్ధ, మనిషి వెంట్రుక జంతుసంబంధమా కాదా అన్న చోట మాత్రం కనిపించదు. అంటే షెడ్యూలులో అసత్కార్యవాదం వహించిన రాజ్యమే లేబుల్ మీద సత్కార్యవాదానికి మారింది, మారి మధ్యలో ఆగింది. లేబుల్ మీద పదార్థపు సంకేతసంఖ్య వేసి ఊరుకుంటే చాలదని, ప్రతి పదార్థమూ మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో ఒక గోరక్షణ సంస్థ వేసిన వ్యాజ్యంలో ఆదేశించినప్పుడు ఉదాహరణగా తీసుకున్నది నూడుల్స్‌లో, చిప్స్‌లో వేసే డైసోడియం ఇనోసినేట్‌ను; మాంసం నుంచి, చేపల నుంచి తయారు కాగల ఆ రుచిపొడి టేస్టింగ్ సాల్ట్‌కు తోడుగా పడేదే.

ఈ కాగితాలన్నిటి అవతలి చివర తినేవాళ్లున్నారు. ఉదాహరణకు సూరత్‌లో, తాపీ నదికి ఉత్తరాన, అమ్రోలీని ఆనుకుని, ముంబయి నుంచి వడోదర వెళ్లే రైలుమార్గంలో ఉత్రాన్ తరువాతి స్టేషను కోసాడ్. సూరత్ నగరపాలక సంస్థ మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలకు అక్కడ కట్టించిన ఇళ్ల సముదాయాన్ని కోసాడ్ ఆవాస్ అంటారు. ఆ నగరంలో సూక్ష్మజీవిని కూడా జీవిగానే లెక్కించి పులిసినదాని పట్ల జాగ్రత్త వహించే జైనులున్నారు, ఇస్తిహాలాను విస్తృతంగా ఒప్పుకునే హనఫీలున్నారు, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి మార్కండేయుణ్ణి కొలుచుకుంటూ, నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమపు బడులకు పిల్లలను పంపే పద్మశాలీలున్నారు. ఒకే రొట్టె పొట్లం వీరందరి ఇళ్లకూ వెళుతుంది. పులియబెట్టిన సిస్టీన్ ఒకరికి ఇబ్బంది, వెంట్రుకది మరొకరికి, ఈకది ఇంకొకరికి. వీరిలో ఎవరి నిర్ణయాన్నీ రాజ్యం చేయలేదు, చేయకూడదు కూడా. నిర్ణయించుకోవడానికి కావలసిన మాట మాత్రం ఇవ్వగలదు.

మాట అన్నది ఇక్కడ అలంకారం కాదు. అన్నంభట్టు ఎంచిన నాలుగు ప్రమాణాలలో ప్రత్యక్షం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే పొడి రుచిలో మూలం తెలియదు. అనుమానమూ పనిచేయదు, ఎందుకంటే మూడు మూలాలకూ కార్యం ఒక్కటే కనుక పొగను చూసి నిప్పును ఊహించినట్టు పొడిని చూసి వెంట్రుకను ఊహించే వ్యాప్తి లేదు. పోలికతో నడిచే ఉపమానం మొదటే తప్పుకుంటుంది. మిగిలినది శబ్దం, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆప్తుని వాక్యం. దిగుమతి వ్యవస్థ అంతా నిజానికి శబ్దప్రమాణం మీదనే నిలిచి ఉంది: 1962 కస్టమ్స్ చట్టపు 46వ సెక్షను కింద దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో వర్తకుడు తన సరుకు గురించి తానే సత్యప్రకటన చేస్తాడు, 2011 నుంచి సుంకాన్ని కూడా తానే లెక్కకట్టుకుంటాడు, అబద్ధమాడితే సరుకు జప్తు అవుతుంది. విలువ గురించి, పరిమాణం గురించి వర్తకుణ్ణి ఆప్తునిగా నమ్మి శిక్షాభయంతో కట్టిపడేసిన చట్టానికి, మూలం గురించి కూడా అతని చేత ఒక వాక్యం పలికించడానికి కొత్త ప్రయోగశాల అక్కరలేదు. తయారీదారు తన పొడిని ఏ ముడిసరుకు నుంచి, ఏ పద్ధతిలో తీశాడో అతనికి తెలుసు. హలాల్ ధ్రువపత్రాల కోసం, యూదుల కోషర్ ధ్రువపత్రాల కోసం ఆ వివరాన్ని ఇప్పటికే రాసి ఇస్తున్నాడు. విదేశీ మతసంస్థకు చెప్పగలిగిన మాటను కోసాడ్‌లో రొట్టె కొనేవాడికి చెప్పకపోవడానికి వర్తకరహస్యమన్న సాకు నిలవదు.

ఐరోపా సమాఖ్య ఆహార నియమాలు సిస్టీన్‌కు 920 అన్న సంఖ్య ఇచ్చి, శుద్ధతా ప్రమాణాలు రాసిన చోటే, దీనికి మనిషి వెంట్రుకను మూలంగా వాడరాదని ఒక్క వాక్యం చేర్చాయి. భారత టారిఫ్ షెడ్యూలు 2930 శీర్షికలో అటువంటి వాక్యం లేదు, ఉండనవసరమూ లేదు. అది ఉండవలసినది ఆహార లేబుల్ నిబంధనలో, పదార్థం పేరు పక్కన.